బెంగళూరు మేడ మీద పాత డీటీహెచ్ డిష్‌తో క్యూఓ-100 ఉపగ్రహాన్ని వినడం ఎలా?

"పది గిగాహెర్ట్జ్ దాటిన అమెచ్యూర్ రేడియో సంకేతాలను మా మేడ మీద నుంచి వినడం సాధ్యమేనా, దానికి ఏమేమి కావాలి?" అన్న ప్రశ్న నాకు తరచుగా వస్తోంది. సాధ్యమే. అయితే దాని వెంబడే వచ్చే రెండో ప్రశ్న ఇంకా ముఖ్యమైనది: "రెండు ఆదివారాలు డిష్ తిప్పాం, ఏమీ దొరకలేదు, ఎక్కడ తప్పు చేశాం?" అలా అడిగినవారు చెప్పిన వివరాలు చదివితే, దాదాపు ప్రతిసారీ తప్పు డిష్ దిశలో కాక అంతకు ముందే, ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందుండి సంకేతాన్ని అందుకునే భాగానికి) వెళ్ళే వోల్టేజీలోనో దానిని బిగించిన కోణంలోనో ఉంటోంది. అందుకే ఈ వ్యాసంలో డిష్‌ను ఆకాశం వైపు తిప్పడం అయిదో మెట్టు దాకా రాదు. ముందున్న మెట్లను దాటవేయకుండా చేయవలసిందిగా కోరుతున్నాను.

వినబోయే ఉపగ్రహం గురించి కొంత తెలిస్తే చాలు. ఖతార్‌కు చెందిన ఎస్‌హెయిల్-2 అనే ప్రసార ఉపగ్రహం 2018 నవంబరు 15న ఫాల్కన్-9 రాకెట్ మీద వెళ్ళింది. అందులో అమెచ్యూర్ల కోసం, అంటే అభిరుచిగా రేడియో నడిపేవారి కోసం, అమర్చిన భాగాన్నే క్యూఓ-100 అంటారు. అది 2019 ఫిబ్రవరిలో అందరికీ అందుబాటులోకి వచ్చింది. మన బెంగళూరులోనే తయారై 2005 మే 5న పీఎస్‌ఎల్‌వీ-సీ6 మీద వెళ్ళిన హామ్‌శాట్ అనే అమెచ్యూర్ ఉపగ్రహాన్ని విన్నవారికి, ఉపగ్రహం దిగంతం మీదికి వచ్చిన కొద్ది నిమిషాల్లోనే యాంటెన్నా తిప్పుతూ వినవలసి రావడం గుర్తుండే ఉంటుంది. క్యూఓ-100 భూస్థిర ఉపగ్రహం కనుక తూర్పు రేఖాంశం 26 డిగ్రీల దగ్గర కదలకుండా ఉంటుంది, ఒకసారి డిష్ బిగిస్తే రాత్రింబగళ్ళు వినవచ్చు. బ్రెజిల్ నుంచి థాయిలాండ్ దాకా దాని పరిధిలోకి వస్తాయి.

కావలసినవి

60 సెంటీమీటర్ల పాత డీటీహెచ్ డిష్ చాలు. 90 సెంటీమీటర్లది దొరికితే వానలో కూడా ధీమాగా ఉంటుంది. బెంగళూరులో గుజరీ అంగళ్ళలో పాత డిష్‌లు సులభంగా దొరుకుతాయి. కొనేముందు అంచు మీద చెక్క బద్ద ఆనించి చూసి, వంకర పోయినవాటిని వదిలేయండి.

ఎల్‌ఎన్‌బీ విషయంలో మాత్రం పొదుపు చూడవద్దు. లేబుల్ మీద 9.75 గిగాహెర్ట్జ్ అని స్పష్టంగా ఉన్న యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీ కావాలి, అది పీఎల్‌ఎల్ రకమైతే (పౌనఃపున్యాన్ని నిలకడగా ఉంచేది) మరీ మంచిది. డిష్‌తోపాటు వచ్చిన పాత ఎల్‌ఎన్‌బీ మీద వేరే అంకె ఉంటే మన సంకేతం రిసీవరు అందుకోగల చోట ఉండదు. లేబుల్ చెరిగిపోయిన ఎల్‌ఎన్‌బీతో ప్రయోగం మొదలుపెట్టకండి.

వీటితోపాటు ల్యాప్‌టాప్‌ను రేడియో రిసీవరుగా మార్చే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (ఉష్ణోగ్రతకు నిలకడగా ఉండే క్రిస్టల్ ఉన్నది), ఆర్‌జీ-6 కేబుల్, ఎఫ్ కనెక్టర్లు, ఎఫ్ నుంచి ఎస్‌ఎంఏకు మార్చే అడాప్టర్, ఎల్‌ఎన్‌బీకి కరెంటు ఇచ్చే పవర్ ఇన్సర్టర్, మల్టీమీటర్, పానాలు, ల్యాప్‌టాప్ ఉండాలి. చిన్న సామాన్లన్నీ బెంగళూరువారికి ఎస్‌పీ రోడ్డులో, చెన్నైవారికి రిచీ స్ట్రీట్‌లో ఒక్క పూటలో దొరుకుతాయి. కేబుల్ 75 ఓములది, డాంగిల్ 50 ఓములది కదా అని కొందరు సందేహపడతారు. ఆ తేడా వల్ల పోయేది లెక్కలోకి రాదు.

1. ఉపగ్రహం మీ మేడకు కనబడుతుందో లేదో తేల్చుకోండి

బెంగళూరు నుంచి ఉపగ్రహం ఉత్తరం నుంచి సవ్యదిశలో లెక్కిస్తే 260 డిగ్రీల దిశలో, అంటే సరిగ్గా పడమరకు పది డిగ్రీలు దక్షిణంగా, దిగంతం నుంచి 29.6 డిగ్రీల ఎత్తున ఉంటుంది. చెన్నై నుంచి దిశ 261 డిగ్రీలు, ఎత్తు దాదాపు 27 డిగ్రీలు. చిత్తూరు, హిందూపురం వైపు ఉన్నవారికి కూడా కోణాలు వీటికి దగ్గరలోనే ఉంటాయి.

ఎత్తు తక్కువ కావడం వల్ల పక్క భవనమే పెద్ద అడ్డంకి. లెక్క తేలిక: డిష్ కంటే ఒక మీటరు ఎత్తయిన అడ్డు బెంగళూరులో కనీసం 1.8 మీటర్ల దూరంలో, చెన్నైలో 2 మీటర్ల దూరంలో ఉండాలి. పడమటి వైపు ఇంటి నీళ్ళ ట్యాంకు మీ డిష్ కంటే ఆరు మీటర్లు ఎత్తుగా ఉంటే, అది బెంగళూరులో పదకొండు మీటర్లకు అవతల ఉన్నప్పుడే పని జరుగుతుంది. కొబ్బరి చెట్టు ఆకులు కూడా ఈ పౌనఃపున్యంలో గోడతో సమానమే అనుకోండి.

కోణాలు కొలవడం కష్టమనిపించేవారికి సూర్యుడే దారి చూపుతాడు. మార్చి 15 ప్రాంతంలో సాయంత్రం దాదాపు 4 గంటల 25 నిమిషాలకు, సెప్టెంబరు 28 ప్రాంతంలో దాదాపు 4 గంటల 7 నిమిషాలకు సూర్యుడు సుమారుగా ఆ ఉపగ్రహం ఉన్న చోటనే ఉంటాడు. ఈ వేళలు రెండు నగరాలకూ సరిపోతాయి. ఆ సమయంలో డిష్ పెట్టదలచిన చోట ఎండ పడుతుంటే దారి తెరిచి ఉన్నట్టే. నీడ పడుతుంటే స్థలం మార్చండి.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు సంఘంవారి అనుమతిని ముందుగానే తీసుకోవడం మర్యాద. పైగా బిగించిన తరువాత విప్పవలసిన బాధ తప్పుతుంది.

2. కరెంటు సరఫరాను డాంగిల్ లేకుండా పరీక్షించండి

ఎల్‌ఎన్‌బీకి కేబుల్ గుండానే కరెంటు వెళ్ళాలి. 13 వోల్టుల దగ్గర ఇస్తే అది నిలువు ధ్రువణాన్ని (నిలువుగా కంపించే తరంగాన్ని), 18 వోల్టులు ఇస్తే అడ్డ ధ్రువణాన్ని అందుకుంటుంది. డాంగిల్‌లోనే ఉండే బయాస్-టీ (కేబుల్ గుండా కరెంటు పంపే ఏర్పాటు) ఇచ్చేది దాదాపు నాలుగున్నర వోల్టులు మాత్రమే, మామూలు ఎల్‌ఎన్‌బీకి అది చాలదు. బయాస్-టీ వెలిగింది కాబట్టి ఎల్‌ఎన్‌బీ పని చేస్తోందనుకోవడం చాలామంది చేసే మొదటి తప్పు.

హెచ్చరిక: ఇన్సర్టర్‌లో రిసీవరు వైపు ఉన్న రంధ్రంలో డీసీ వోల్టేజీ ఉండకూడదు. డాంగిల్ తగిలించే ముందు ఆ రంధ్రం నడి సూదికీ, పైతొడుగుకూ మధ్య మల్టీమీటర్ పెట్టి సున్నా చూపుతోందని నిర్ధారించుకోండి. ఎల్‌ఎన్‌బీ వైపు రంధ్రంలో మాత్రం మీరిచ్చిన వోల్టేజీ కనబడాలి. నేను ఒకసారి రెండు రంధ్రాలనూ తారుమారు చేసి డాంగిల్‌ను పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి ఇన్సర్టర్‌కు రంగు టేపు చుట్టి పెట్టుకుంటున్నాను, కేబుల్ విప్పిన ప్రతిసారీ మళ్ళీ కొలుస్తాను.

ఇన్సర్టర్ దొరకనివారు పాత ఫ్రీ డిష్ సెట్‌టాప్ బాక్సును, ఒక్క వైపు మాత్రమే డీసీని పంపే రెండు దారుల స్ప్లిటర్‌ను వాడవచ్చు. డీసీ పంపే దారికి బాక్సును, డీసీ ఆపే దారికి డాంగిల్‌ను తగిలించాలి. ఇక్కడ కూడా మల్టీమీటర్ పరీక్ష తప్పనిసరి. బాక్సులో 11700 మెగాహెర్ట్జ్ కంటే తక్కువ పౌనఃపున్యాన్ని ఎంచుకుంటే 22 కిలోహెర్ట్జ్ టోన్ ఆగిపోయి, ఎల్‌ఎన్‌బీ 9750 మీద నిలుస్తుంది. ఆ టోన్ వెళ్తూ ఉంటే ఎల్‌ఎన్‌బీ 10600కు మారిపోతుంది, అప్పుడు ఎంత వెదికినా ఏమీ కనబడదు.

3. డిష్ లేకుండా, నేల మీదనే ఎల్‌ఎన్‌బీని పరీక్షించండి

ఈ మెట్టును దయచేసి దాటవేయకండి. ఎల్‌ఎన్‌బీ, కేబుల్, ఇన్సర్టర్, డాంగిల్ అన్నీ కలిపి ల్యాప్‌టాప్‌లో ఎస్‌డీఆర్ సాఫ్ట్‌వేర్ తెరిచి 739.75 మెగాహెర్ట్జ్‌కు ట్యూన్ చేయండి. ఉపగ్రహం నుంచి వచ్చే 10489.75 నుంచి ఎల్‌ఎన్‌బీలోని 9750ను తీసేస్తే మిగిలేది ఈ 739.75. సాఫ్ట్‌వేర్‌లో ఆ 9750ను ఆఫ్‌సెట్‌గా నమోదు చేస్తే అసలు పౌనఃపున్యమే తెర మీద కనబడుతుంది. గుర్తు ప్లస్సా, మైనస్సా అన్నది సాఫ్ట్‌వేర్‌ను బట్టి మారుతుంది.

డాంగిల్ గెయిన్‌ను (సంకేతాన్ని పెంచే మోతాదును) తనంతట తాను మారనివ్వకుండా మీ చేతిలోకి తీసుకోండి. తక్కువ నుంచి మొదలుపెట్టి, ఎల్‌ఎన్‌బీకి కరెంటు ఇచ్చినప్పుడు తెర అడుగున ఉండే సద్దు (నాయిస్) గీత స్పష్టంగా లేచే దాకా మాత్రమే పెంచండి. అంతకు మించి పెంచితే డాంగిల్ ఉక్కిరిబిక్కిరై లేని సంకేతాలను చూపుతుంది.

ఇప్పుడు ఎల్‌ఎన్‌బీ మూతిని నెత్తి మీది ఖాళీ ఆకాశం వైపు పెట్టి సద్దు ఎంత ఉందో రాసుకోండి. తరువాత మూతిని అరచేతితో మూయండి, లేదా నేల వైపు తిప్పండి. వెచ్చని చేయి, నేల ఆకాశం కంటే ఎక్కువ సద్దును వెలువరిస్తాయి కాబట్టి గీత 4 నుంచి 6 డెసిబెల్స్ దాకా లేవాలి. అలా లేస్తే ఎల్‌ఎన్‌బీ బతికే ఉంది, కేబుల్ బాగుంది, గెయిన్ సరిగా ఉంది. ఒక్క పరీక్షతో ఇన్ని సంగతులు తేలుతున్నప్పుడు దీనిని చేయకుండా మేడ ఎక్కడంలో అర్థం లేదు. గీత కదలకపోతే వరుసగా వోల్టేజీని, ఎఫ్ కనెక్టర్ లోపలి రాగి తీగ పొడవును, తీగకు అల్లిక పోగు తగులుతోందేమోనన్న సంగతిని చూడండి. తొందరగా బిగించిన ఎఫ్ కనెక్టర్‌లో ఒక్క వెండ్రుకంత పోగు కూడా మొత్తాన్ని చంపేస్తుంది.

4. ఎల్‌ఎన్‌బీ కోణం: మన ఊళ్ళకే ప్రత్యేకమైన చిక్కు

క్యూఓ-100లో మాటలు, మోర్సు వినిపించే ఇరుకు పట్టీ ట్రాన్స్‌పాండర్ (అందుకున్న సంకేతాన్ని తిరిగి భూమికి పంపే పరికరం) నిలువు ధ్రువణంలో ప్రసారం చేస్తుంది. ఇది చదివి, ఎల్‌ఎన్‌బీని నిటారుగా బిగించి 13 వోల్టులు ఇస్తే సరిపోతుందని మనవారు అనుకుంటారు. యూరోప్‌వారి సూచనలు చదివి నేను కూడా అలాగే చేసి మూడు ఆదివారాలు పోగొట్టుకున్నాను. నిలువు అన్నది ఉపగ్రహం ఉన్న చోట నిలువు. మనం భూమధ్యరేఖకు దగ్గరగా, ఉపగ్రహానికి యాభై డిగ్రీలకు పైగా తూర్పున ఉన్నాం కనుక ఆ తరంగం మన దగ్గరకు వచ్చేసరికి దాదాపు 74 డిగ్రీలు ఒరిగిపోయి, అంటే ఇంచుమించు పడుకొని వస్తుంది. నిటారు ఎల్‌ఎన్‌బీకి 13 వోల్టులు ఇస్తే సంకేతంలో 11 డెసిబెల్స్ పోతాయి.

దీనికి రెండు మార్గాలున్నాయి. మొదటిది, 13 వోల్టులే ఉంచి ఎల్‌ఎన్‌బీని దాని క్లాంపులో 74 డిగ్రీల దాకా తిప్పడం. రెండోది నాకు నచ్చినది: ఎల్‌ఎన్‌బీని నిటారుగానే ఉంచి 18 వోల్టులు ఇవ్వడం. అప్పుడు తేడా 16 డిగ్రీలే మిగులుతుంది, పోయేది అర డెసిబెల్ కూడా ఉండదు. బీకన్ (ఉపగ్రహం నుంచి ఎప్పుడూ వచ్చే గుర్తు సంకేతం) దొరికాక ఆ కొంచెం కూడా సరిచేసుకోవచ్చు. 18 వోల్టుల సరఫరా లేనివారు 19 వోల్టులకు పైబడి ఇచ్చే పాత ల్యాప్‌టాప్ ఛార్జరును నేరుగా తగిలించకుండా, తక్కువ వోల్టేజీ నష్టంతో పని చేసే రెగ్యులేటర్ ద్వారా 18కి దించి వాడాలి.

5. డిష్‌ను బిగించండి

డిష్‌ను నిలబెట్టే గొట్టం కచ్చితంగా నిలువుగా ఉండాలి. తాపీ మేస్త్రీ గుండు వేలాడదీసి రెండు వైపుల నుంచి చూడండి. గొట్టం ఒరిగి ఉంటే డిష్‌ను పక్కకు తిప్పినప్పుడల్లా ఎత్తు కూడా మారిపోయి, వెదుకులాట ఎప్పటికీ తెమలదు.

తరువాతి తప్పు ఎత్తు కోణంలో జరుగుతుంది. డీటీహెచ్ డిష్ ఆఫ్‌సెట్ రకం కాబట్టి, అది చూసే దిశ దాని ముఖం చూసే దిశ కంటే పైన ఉంటుంది. డిష్ వెడల్పును ఎత్తుతో భాగించి, ఆ విలువకు కొసైన్ విలోమం తీస్తే ఆ తేడా వస్తుంది. వెడల్పు 60, ఎత్తు 65 సెంటీమీటర్లయితే తేడా 22.6 డిగ్రీలు. బెంగళూరులో 29.6 నుంచి దానిని తీసేస్తే 7 మిగులుతుంది, అంటే డిష్ ముఖం నిలువు నుంచి 7 డిగ్రీలు మాత్రమే వెనక్కు వాలాలి. చెన్నైలో 4 డిగ్రీలు చాలు. చూడడానికి గోడలా నిటారుగా ఉన్న డిష్ ఉపగ్రహాన్ని ఎలా చూస్తుందని అనుమానం కలిగి ఎక్కువ వాల్చేవారు చాలామంది. పై అంచుకూ కింది అంచుకూ ఆనేలా చెక్క బద్ద పెట్టి, దాని మీద ఫోన్ ఉంచి వాలు చూపే ఆప్‌తో కొలవండి. డిష్ వెనుక ముద్రించిన స్కేలును నమ్మకండి.

దిశకు ఫోన్ దిక్సూచి ఒక్కటే చాలదు, మేడ మీది ఇనుప కడ్డీలు, ట్యాంకు స్టాండు దానిని పది ఇరవై డిగ్రీలు తప్పుదారి పట్టిస్తాయి. మ్యాప్‌లో మీ ఇంటి నుంచి 260 డిగ్రీల గీత గీసి, అది తాకే దూరపు భవనాన్నో, టవర్‌నో గురిగా పెట్టుకోండి.

6. బీకన్‌ను వెదకండి

శాటిలైట్ ఫైండర్ మీటర్ ఇక్కడ పనికిరాదు. అది వందల మెగాహెర్ట్జ్ వెడల్పున ఉన్న మొత్తం శక్తిని కొలుస్తుంది, మన ట్రాన్స్‌పాండర్ వెడల్పు అర మెగాహెర్ట్జ్. ల్యాప్‌టాప్ తెరనే నమ్ముకోవాలి. రెండు మెగాహెర్ట్జ్ వెడల్పున చూస్తూ, వాటర్‌ఫాల్‌ను (సంకేతాలు గీతలుగా జారుతూ కనబడే చిత్రాన్ని) నెమ్మదిగా పెట్టుకోండి. ఎల్‌ఎన్‌బీ పౌనఃపున్యం ఎన్నో కిలోహెర్ట్జ్ పక్కకు ఉండవచ్చు కాబట్టి సంకేతం అనుకున్న చోటే ఉంటుందని ఆశించకండి.

60 సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు 3 డిగ్రీలకు కొంచెం పైన, 90 సెంటీమీటర్లది రెండుంపావు డిగ్రీల దాకా. అందువల్ల ఒక్కొక్క డిగ్రీ చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ మూడు నాలుగు సెకన్లు ఆగాలి. ఒక ఎత్తులో ఇరవై డిగ్రీల మేర తిప్పాక ఏమీ రాకపోతే వాలును ఒక డిగ్రీ మార్చి మళ్ళీ మొదటి నుంచి. ఒకరు డిష్ దగ్గర, ఒకరు తెర దగ్గర ఉంటే పని సగం తగ్గుతుంది. మా ఇంట్లో తెర చూసిన మా చెల్లెలే మొదటి గీతను పట్టుకుంది.

7. దొరికింది క్యూఓ-100యే అని నిర్ధారించుకోండి

తెర మీద సన్నని గీత కనబడగానే సంబరపడవద్దు. డాంగిల్ కూడా సొంతంగా గీతలు పుట్టిస్తుంది. మూడు పరీక్షలు చేయండి. ఎల్‌ఎన్‌బీ మూతికి చేయి అడ్డం పెట్టినప్పుడు గీత మాయం కావాలి. గీతలు మూడుండాలి: కింది బీకన్ 10489.500 దగ్గర, నడిమి బీకన్ 10489.750 దగ్గర, పై బీకన్ 10490.000 దగ్గర ఉంటాయి. ఎల్‌ఎన్‌బీ ఎంత తప్పినా మూడూ కలిసి ఒకే వైపు జరుగుతాయి కాని వాటి మధ్య 250 కిలోహెర్ట్జ్ దూరం మారదు. చివరగా, ఇంగ్లండులోని గూన్‌హిల్లీ నుంచి నడిచే క్యూఓ-100 వెబ్ ఎస్‌డీఆర్‌ను (ఇంటర్నెట్‌లో వినగల రిసీవరును) మరో ఫోన్‌లో తెరిచి, అక్కడ వినబడుతున్న గొంతే మీ దగ్గరా వినబడుతోందేమో చూడండి.

మాటలు ఎక్కువగా 10489.650 నుంచి 10489.850 వరకు, నడిమి బీకన్‌కు ఇరువైపులా ఉంటాయి. యూఎస్‌బీ (అప్పర్ సైడ్‌బ్యాండ్) మోడ్‌లో వినాలి. గొంతు బాతు అరుపులా ఉంటే పదుల హెర్ట్జ్ చొప్పున జరపండి.

ఈ దశలో వచ్చే ఒక వింత అంతరాయం గురించి చెప్పాలి. మన దేశంలో 5జీకి వాడుతున్న 700 మెగాహెర్ట్జ్ పట్టీలో ఫోన్లు ప్రసారం చేసే భాగం 703 నుంచి 748 దాకా, అంటే మన 739.75 అందులోనే ఉంది. వదులు కనెక్టర్ల గుండా ఆ సంకేతం లోపలికి రావచ్చు. ఉండుండి సద్దు ఎగిసిపడుతుంటే ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి చూడండి. తగ్గితే కనెక్టర్లను మళ్ళీ వేయండి, డాంగిల్‌ను లోహపు డబ్బాలో పెట్టండి.

8. మెరుగు పెట్టండి

నడిమి బీకన్ ఎత్తును తెర మీద చూస్తూ ముందు దిశను, తరువాత వాలును, తరువాత ఎల్‌ఎన్‌బీ ఒరుగును, చివర డిష్‌కూ ఎల్‌ఎన్‌బీకీ మధ్య దూరాన్ని సరిచేయండి. ప్రతి సర్దుబాటులో శిఖరం దాటి అవతల తగ్గే దాకా వెళ్ళి, తిరిగి వెనక్కు రండి. ఒరుగు ఏ వైపుకో ముందే తేల్చుకోనవసరం లేదు. రెండు వైపులా ఇరవై డిగ్రీలు తిప్పి చూస్తే తెలిసిపోతుంది.

ఎండ వేడికి ఎల్‌ఎన్‌బీ పౌనఃపున్యం జరుగుతూ ఉంటుంది, మేఘం అడ్డు వచ్చినా తెర మీద తెలుస్తుంది. కరెంటు ఇచ్చాక అరగంట ఆగి వినడం మంచిది. ఎస్‌డీఆర్ కన్సోల్ అనే సాఫ్ట్‌వేర్ బీకన్‌ను పట్టుకొని ఈ జరుగుబాటును తనంతట తానే సరిచేస్తుంది.

9. వానకు, పిడుగుకు సిద్ధం చేయండి

వాన వల్ల తగ్గే సంకేతం కంటే కనెక్టర్‌లోకి దిగిన నీటి వల్ల పోయేదే ఎక్కువ. తనలో తాను అతుక్కునే రబ్బరు టేపును కింది నుంచి పైకి చుట్టండి, ఇంట్లోకి వచ్చే ముందు కేబుల్‌ను ఒక వంపుగా కిందికి వేలాడదీయండి. చెన్నైలో సముద్రపు గాలికి మామూలు నట్లు ఏడాదికే తుప్పు పడతాయి కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలువి వాడండి. ఏప్రిల్, మే నెలల్లో బెంగళూరులో సాయంత్రం ఉరుములు మొదలైతే కేబుల్ విప్పి గది బయట పెట్టండి. ఉరుము వినబడుతుండగా మేడ ఎక్కవద్దు.

ప్రసారం సంగతి

వినడం కుదిరాక, ఉపగ్రహానికి సంకేతం పంపే 2400 మెగాహెర్ట్జ్‌లో పిలవాలన్న కోరిక కలగడం సహజం. దానికి అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్ సర్టిఫికెట్ పరీక్ష ప్యాసై, కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం నుంచి లైసెన్సు పొంది, ఆ లైసెన్సులోని పౌనఃపున్యాల పట్టికలో మీరు వాడదలచిన పట్టీ ఉందో లేదో చూసుకున్న తరువాతే మొదలుపెట్టాలి. అప్పుడు కూడా మీ సంకేతం బీకన్ కంటే బలంగా ఉండకూడదు. ఉంటే లైలా అనే పర్యవేక్షణ వ్యవస్థ మీ సంకేతం మీదనే సైరన్ మోగిస్తుంది.

ఈలోగా, శిఖరం దొరికిన రోజునే గొట్టం మీదా, డిష్ క్లాంపు మీదా కలిసేలా పెయింట్‌తో ఒక గీత గీసి, బీకన్ సద్దు కంటే ఎన్ని డెసిబెల్స్ పైన ఉందో తేదీతో సహా రాసుకోండి. గాలివానలు తగ్గాక ఆ గీత తప్పిందా, అంకె తగ్గిందా అని చూడండి. గీత కలిసే ఉండి అంకె మాత్రం తగ్గితే, డిష్‌ను ముట్టుకోకుండా ముందు కనెక్టర్ విప్పి చూడండి.